పానకాలు హోటలు కేసులో నా సాక్ష్యం

1957 సెప్టెంబరు పన్నెండో తేదీ, గురువారం, ఉదయం ఎనిమిదిన్నర గంటలు. జగ్గయ్యపేటలో బస్సులు ఆగే చోట ఉన్న పానకాలు హోటలు.

కోర్టు బోనులో నేను చెప్పిన మొదటి మాట ఇదే. దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు. ఆ తరవాత చెప్పిన మాటల దగ్గరే కేసు పోయింది.

పోలీసులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, "తాతా, నీ సర్వీసులో పెద్ద కేసేంటి?" అని అడుగుతారు. వాళ్ళకి దొంగల కథలు కావాలి. దొంగల్ని పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. సగం మంది తాగి వాగి వాళ్ళంతట వాళ్ళే దొరుకుతారు. నాకు గుర్తున్న కేసు ఒక కాఫీ గ్లాసుది. దాన్ని తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు మొహం చిన్నబోతుంది. అయినా రాస్తున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళు బోనెక్కే ముందు ఇది చదివితే మంచిది.

నేను చేరడం, చదవడం

యుద్ధం రోజుల్లో మనుషులు దొరక్క నన్ను పోలీసులో తీసుకున్నారు. ఛాతీ కొలిచారు, పరిగెత్తించారు. చదువు గట్టిగా అడగలేదు. సంతకం ఒక్కటి నేర్చుకుని పోయాను, అదీ బొమ్మ గీసినట్టు. మాది మాలగూడెం. మా గూడెంలో ఖాకీ వేసిన మొదటివాణ్ణి నేనే. ఖాకీ నిక్కరు, పిక్కలకి చుట్టిన గుడ్డపట్టీలు, టోపీ పెట్టుకుని వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు కాళ్ళు కిందికి దించేవాళ్ళు. నన్ను చూసి దించుతున్నారనే అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

పన్నెండేళ్ళు డైరీ రాయించుకోవడానికి స్టేషను రైటరు ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను. నేను చెప్పేది ఒకటి, ఆయన రాసేది ఇంకొకటి. చివరికి నాకు అక్షరాలు నేర్పింది మా గూడెం కుర్రాడే, దేవదానం మాస్టారు. వాళ్ళు క్రైస్తవులు. మిషను బళ్ళో చదువుకుని, ట్రైనింగై, అదే బళ్ళో పంతులుగా వచ్చాడు. నాకంటే పదేళ్ళకు పైగా చిన్నవాడు. వరసకి నన్ను బాబాయ్ అనేవాడు. నేను మాస్టారూ అనేవాణ్ణి. డ్యూటీ లేని మధ్యాహ్నాలు వాళ్ళ వసారాలో పలక పట్టుకుని కూర్చునేవాణ్ణి.

"బాబాయ్, అక్షరాన్ని దిద్దుతున్నావా, లాఠీచార్జి చేస్తున్నావా? పలక పగిలిపోద్ది, మెల్లిగా" అనేవాడు.

వాళ్ళమ్మ లోపల్నించి నవ్వేది. నాకు రోషం వచ్చేది, కానీ మర్నాడు మళ్ళీ వెళ్ళేవాణ్ణి. ఏడాది తిరిగేసరికి నా డైరీ నేనే రాసుకున్నాను.

కొత్త చట్టాలు స్టేషనుకి ఎలా వచ్చేవి

ఆ రోజుల్లో ఢిల్లీలో చట్టాలు చకచకా పుట్టాయి. ఆడపిల్లలకి ఆస్తిలో వాటా అన్నారు. కౌలుదారుణ్ణి ఊరికే లేపెయ్యకూడదన్నారు. వీశెలు పోయి కిలోలు వస్తాయన్నారు. మా స్టేషనుకి అవన్నీ ఒకే విధంగా వచ్చేవి. పైనుంచి కాగితం వస్తుంది, రైటరు చదువుతాడు, మేం వరసలో నిలబడి వింటాం, ఎస్సై "అర్థమైందా?" అంటాడు, "అర్థమైందండి" అంటాం, కాగితం దారానికి గుచ్చేస్తారు. కిలోల సంగతి షావుకార్లు మాకంటే ముందే తెలుసుకున్నారు. వాళ్ళ వ్యాపారం కదా. కౌలు సంగతి రైతులకి తెలిసింది గానీ కౌలుదార్లకి ఎవరూ చెప్పలేదు.

అంటరానితనం నేరాల చట్టం కూడా అలాగే దారానికెక్కింది. హోటల్లోకి ఎవర్నీ రావద్దనకూడదు, అందరికీ పెట్టే గ్లాసులు, పళ్ళేలు గూడెం వాళ్ళకీ పెట్టాలి, లేదంటే ఆరు నెలల దాకా జైలు, జరిమానా. అది విన్నప్పుడు వరసలో నా పక్కవాడు ఓరగా నాకేసి చూశాడు. నేను నిటారుగా ముందుకే చూశాను.

పానకాలు మాత్రం గట్టివాడు. చట్టం వచ్చిందని తెలియగానే, మా వాళ్ళ కోసం చూరు కింద మేకుకి తగిలించిన గ్లాసులు తీసేశాడు. "అందరికీ ప్రవేశం కలదు" అని బోర్డు రాయించి కట్టాడు. గడప దాటగానే, లోపలే, గోడ వారన ఒక పొడుగు బెంచీ వేయించాడు. గూడెం వాళ్ళు వస్తే అక్కడ కూర్చోవాలి. వాళ్ళకి గాజు గ్లాసు, తాగాక ఎవరిది వాళ్ళే కడిగి బోర్లించాలి. లోపలి బల్లల దగ్గర మిగతావాళ్ళకి ఇత్తడి గ్లాసులు. ఎవరన్నా అడిగితే, "లోపలికి రానిచ్చానుగా!" అనేవాడు.

నాకు లోపలి బల్ల దగ్గర ఇత్తడి గ్లాసులోనే ఇచ్చేవాడు. "రండి జవానుగారూ" అని తుడిచి మరీ వేసేవాడు కుర్చీ.

ఆ గురువారం

నేను రాత్రి గస్తీ దిగి స్టేషనుకి వెళ్తూ కాఫీకి ఆగాను. లోపల నలుగురు ఉన్నారు. వత్సవాయి రైతు రామకోటయ్యగారు, పత్తి కొట్టు గుమాస్తా సాంబయ్య, హైస్కూల్లో హిందీ చెప్పే లక్ష్మీనరసుగారు, కీసర లారీ డ్రైవరు మస్తాను. గల్లా దగ్గర పానకాలు. వడ్డించే సర్వరు వీరాస్వామి.

దేవదానం మాస్టారు తెల్లచొక్కా వేసుకుని, చేతిలో గొడుగుతో వచ్చాడు. గడప దగ్గర బెంచీ దాటి, నా పక్క బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొడుగు కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ముందు రోజు బళ్ళో పెద్ద తరగతి పిల్లలకి ఈ చట్టం చదివి వినిపించాడట. ఒక పిల్ల లేచి, "మరి మీరు పానకాలు హోటల్లో ఎక్కడ కూర్చుంటారు సార్?" అని అడిగిందట. ఆ సంగతి నాకు తరవాత చెప్పాడు.

పానకాలు గల్లా దగ్గర్నించే అన్నాడు.

"మాస్టారూ, మీ బెంచీ అక్కడుంది."

"నా బెంచీ బళ్ళో ఉంది పానకాలుగారూ. ఇక్కడ ఏదైనా ఒకటే గదా."

"అక్కడైతే గాలొస్తది."

"నాకు గాలి పడదండి."

మస్తాను కిసుక్కున నవ్వి ఊరుకున్నాడు. పానకాలు లేచి వచ్చాడు.

"చూడు మాస్టారూ, చట్టం లోపలికి రానియ్యమంది, రానిచ్చా. ఏ బల్ల దగ్గర కూసోబెట్టాలో కూడా రాసుందా?"

"గ్లాసు సంగతి కూడా రాసుంది. తీసుకొచ్చి చదవమంటారా?"

పానకాలు మొహం ఎర్రబడింది. మాస్టారి మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యడు కూడా, మైల కదా. కింద ఉన్న గొడుగుని కాలితో నెట్టుకుంటూ, బల్లల మధ్యనించి గడప దాకా తీసుకుపోయి, ఆ బెంచీ కిందికి తోశాడు. గొడుగు కర్ర గచ్చు మీద గీసుకుంటూ పోయింది.

"ఇదిగో, నీ చోటు ఇది" అన్నాడు.

అందరూ పళ్ళేల్లోకి చూస్తున్నారు. నా చేతిలో ఇత్తడి గ్లాసు ఉంది, ఇంకా సగం కాఫీ ఉంది. మాస్టారు నావైపు తిరిగాడు. బాబాయ్ అంటాడనుకున్నాను.

"జవానుగారూ, మీరు చూశారుగా" అన్నాడు.

"చూశానండి" అన్నాను.

గ్లాసు కింద పెట్టి లేచి, ఆయన్ని స్టేషనుకి తీసుకెళ్ళాను. ఇంతవరకు నేను చేసిందంతా సరిగ్గానే చేశాను.

మా ఎస్సై

ఆ ఎస్సై చెడ్డవాడని చెప్పను. లంచం పట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. అయితే ఆయనకి కేసంటే పైవాళ్ళకి పంపే లెక్క. ముందు రాజీ చేద్దామన్నాడు.

"మాస్టారూ, కాఫీ కోసం కోర్టుకెందుకండీ? నేను పానకాలుని పిలిచి నాలుగు చీవాట్లు పెడతా."

"చీవాట్లు ఆయనకి రోజూ ఇంట్లో పడుతూనే ఉంటయ్యండి. నాకు కేసు కావాలి" అన్నాడు మాస్టారు.

ఆయన బయటికెళ్ళాక ఎస్సై నాతో అసలు సంగతి చెప్పాడు. "గురవయ్యా, ఈ చట్టం కింద ఎన్ని కేసులు పెట్టారని పైనుంచి అడుగుతున్నారు. సున్నా అని రాయడానికి చెయ్యి రావట్లా. పెడదాం. ఒకటన్నా ఉంటుంది."

కేసు అలా పుట్టింది. మాస్టారికి అది ప్రాణం మీదికి తెచ్చుకున్న పని. మా ఎస్సైకి ఖాళీ గడి నింపుకోవడం.

సాక్షుల కోసం నేనే తిరిగాను. రామకోటయ్యగారి దగ్గరికి వత్సవాయి వెళ్ళాను.

"నేనా? ఆ రోజు పేటకే రాలా" అన్నాడు.

"మీ బండీ ఎద్దులూ హోటలు ముందే ఉన్నయ్ కదండీ."

"ఎద్దులొచ్చి ఉంటయ్. నేను రాలా."

సాంబయ్య, "తినేటప్పుడు తల ఎత్తే అలవాటు లేదయ్యా నాకు. ఇడ్లీ తప్ప ఏం చూళ్ళా" అన్నాడు. లక్ష్మీనరసుగారు నన్ను పక్కకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "మేమూ మేమూ ఒక ఉద్యోగం వాళ్ళం. నేను సాక్ష్యం చెబితే బాగుండదు. నాకు కాదు, ఆయనకే బాగుండదు. ఆలోచించు." ఎంత ఆలోచించినా అది నాకిప్పటికీ అర్థం కాలేదు. మస్తాను ఒక్కడే నిజం మాట్లాడాడు. "చూశానన్నా. కోర్టులో మాత్రం చెప్పలేను. నా లారీ రోజూ ఇదే రోడ్డున పోవాలి. రేపు ఈ ఊళ్ళో టైరు పంచరైతే దిక్కెవరు?" వీరాస్వామి నన్ను చూడగానే దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. వాడికి జీతమిచ్చేది పానకాలు.

"ఏం ఫర్లేదు. నువ్వున్నావుగా. పోలీసు సాక్షి, కళ్ళారా చూసినవాడివి. నువ్వొక్కడివి చాలు" అన్నాడు ఎస్సై.

నాకు ఛాతీ పొంగింది. నా వాంగ్మూలం నేనే చదువుకుని, నా చేత్తో సంతకం పెట్టాను. అందరినీ విచారించాం గానీ, ఈ గురవయ్య ఎలాంటి సాక్షి అని విచారించాలని మాకెవరికీ తట్టలేదు. మాస్టారికి కూడా.

కేసు నడుస్తున్న రోజుల్లో గూడెం కుర్రాళ్ళు కొందరు లోపలి బల్లల దగ్గరికి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టారు. పానకాలు నోరెత్తకుండా ఇచ్చేవాడు. కేసు ఉంది కదా. అందరూ నందిగామ కోర్టు వైపు చూస్తున్నారు. కేసు నిలిస్తే ఆ బెంచీ పోతుంది. కేసు పోతే మాస్టారి మాట పోతుంది, ఆయన ఆ ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. అది నాకు తెలుసు. తెలిసే బోనెక్కాను.

నందిగామ

పానకాలు తరఫు ప్లీడరు సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. ముందు మాస్టారిని అడిగాడు. "మీరు క్రైస్తవులు. మీలో అంటరానితనం లేదంటారు కదా. మరి మీకీ ఫిర్యాదు ఎలా వచ్చింది?" మాస్టారు తడుముకోలేదు. "మాలో లేకపోవచ్చండి. పానకాలుగారిలో ఉంది. గొడుగుని ఆయన చేత్తో ఎందుకు తియ్యలేదో ఆయన్నే అడగండి" అన్నాడు. కోర్టులో కొందరు తలలూపారు. మేజిస్ట్రేటు గారు కూడా కలం ఆపి ఆయన్ని చూశారు. మేం గెలిచామనే అనుకున్నాను.

తరవాత నేను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్లీడరు లేచాడు.

"గురవయ్యగారూ" అన్నాడు.

కోర్టులో నన్ను గారూ అన్న మొదటి మనిషి ఆయనే. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ ఒక్క మాటకి నేను మెత్తబడ్డాను.

"మీదీ, దేవదానంగారిదీ ఒకే గూడెం కదండీ?"

"అవునండి."

"పానకాలుకి ఆ సంగతి తెలుసా?"

"ఊరందరికీ తెలుసండి."

"మీరు ఆ హోటల్లో కాఫీ తాగుతుంటారు. ఎక్కడ కూర్చుని?"

"లోపలి బల్ల దగ్గరండి."

"ఏ గ్లాసులో?"

"ఇత్తడి గ్లాసులో."

"అందరికీ ఇచ్చేదే?"

"అందరికీ ఇచ్చేదే."

"ఎప్పుడన్నా లేచి బెంచీ దగ్గరికి పొమ్మన్నాడా?"

"లేదండి."

ఎటు పోతున్నాడో అప్పుడు తెలిసింది. అడక్కుండానే అన్నాను: "నాకు ఖాకీ ఉంది గనక ఇస్తాడండి. పంచె కట్టుకుని పోతే ఇవ్వడు."

ప్లీడరు ఇదే కావాలన్నట్టు తలూపాడు.

"పంచె కట్టుకుని ఎప్పుడన్నా వెళ్ళారా?"

"లేదండి."

"ఒక్కసారన్నా?"

"లేదండి."

"సెలవు రోజు? పండగ రోజు?"

"లేదండి."

"మరి ఇవ్వడని ఎలా తెలుసు?"

"తెలుసండి."

"అదే, ఎలా?"

"అందరికీ తెలుసండి."

"ఆ అందరిలో ఒక పేరు చెప్పండి. ఆ రోజు అక్కడున్న ఒక్క మనిషి పేరు చెప్పండి, సాక్ష్యానికి పిలిపించుకుంటాం."

పేర్లన్నీ నా నోట్లోనే ఉన్నాయి. కానీ పిలిస్తే ఒక్కడు రాడు, వచ్చినా ఉన్నాననడు. చెప్పి ఏం లాభమనుకున్నాను. వెనకాల ఎవరో నవ్వారు. పంచె కట్టుకుని ఆ హోటలు గడప తొక్కడానికి నాకు ఎన్నడూ ధైర్యం చాల్లేదన్న సంగతి, నా భార్యకి కూడా తెలియని సంగతి, ఇప్పుడు నందిగామ కోర్టు అంతటికీ తెలిసిపోయింది. డ్యూటీ లేని రోజుల్లో నేను ఆ వీధినే పోయేవాణ్ణి కాను. చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

మా తరఫున కేసు నడిపే ప్రాసిక్యూటింగు ఇనస్పెక్టరు లేచి నన్ను మళ్ళీ అడగొచ్చు. "ఎందుకు వెళ్ళలేదు?" అని ఒక్క ముక్క అడిగితే చాలు. భయమేసి వెళ్ళలేదని చెప్పేవాణ్ణి, ఆ భయమే కేసుకి సాక్ష్యమయ్యేది. ఆయన కాగితాలు సర్దుకుంటూ, "ఇంకేం లేదండి" అన్నాడు. పిల్లలూ, బోనులో మిమ్మల్ని మీ వాళ్ళు ఏం అడగాలో ముందే వాళ్ళకి చెప్పుకోండి. మీ లోపల దాచుకున్నది ఏదైనా ఉంటే అదీ చెప్పండి. మీరు దాచుకున్న చోటికే ఎదుటి ప్లీడరు తిన్నగా వస్తాడు.

తీర్పు రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ప్రాసిక్యూషను వారి సాక్షే, అదే కులం వాడు, అదే హోటల్లో అందరి గ్లాసులోనే కాఫీ తాగుతున్నానని ఒప్పుకున్నాడు, మిగతాది కుర్చీ దగ్గర వచ్చిన మాటామాటా, స్వతంత్ర సాక్షి ఒక్కడూ లేడు అని కేసు కొట్టేశారు. మేజిస్ట్రేటు గార్ని నేను అనేదేం లేదు. నేను చెప్పిందే ఆయన రాశారు.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. పానకాలు, వాళ్ళ ప్లీడరు ఎదురుగా సోడా తాగుతున్నారు. మాస్టారు బస్సొచ్చే దారి చూస్తున్నాడు.

"తిట్టు మాస్టారూ" అన్నాను.

"దేనికి బాబాయ్? నువ్వు అబద్ధం చెప్పలేదు."

"అయినా తిట్టు."

"ఒక్కసారన్నా పోకపోయావా? నాతో చెబితే నేనూ వచ్చేవాణ్ణిగా."

బస్సొచ్చింది. ఇద్దరికీ పక్కపక్కన చోటు దొరికింది. పేట దాకా ఇద్దరం కిటికీలోంచి బయటికే చూశాం.

తరవాత

గూడెం కుర్రాళ్ళు లోపలి బల్లల దగ్గరికి వెళ్ళడం మానేశారు. గోడ వారన బెంచీ అలాగే ఉంది. బళ్ళో పెద్దలు గొడవలెందుకని మాస్టారిని దూరంగా ఇంకో ఊరికి మార్చారు. సామాన్ల బండి వెనక నడిచివెళ్తూ ఆయన నాకు చెయ్యూపాడు. ఆయనిచ్చిన పలక మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ తరవాత నేను పానకాలు హోటలుకి ఖాకీలోనూ పోలేదు. గురవయ్యకి పౌరుషం ఎక్కువ అన్నారు ఊళ్ళో. వాళ్ళలా అనుకుంటుంటే నేను కాదనలేదు. అరవైల్లో సాగరు కాలువ పనులకి ఎక్కడెక్కడి జనమో దిగారు. ఎవరు ఏ గూడెమో అడిగే తీరిక పానకాలుకి లేకపోయింది. బెంచీ తీసి అక్కడ ఇంకో రెండు బల్లలు వేశాడు. నా సాక్ష్యం తియ్యలేని బెంచీని ఆ రద్దీ తీసేసింది.

చట్టం మంచిదే. ఇప్పటికీ అదే మాట అంటాను. కానీ అది కాగితం మీద నిలబడదు, మనిషి నోటి మీద నిలబడాలి. ఆ మనిషి ముందు తన సంగతి తను ఒప్పుకోవాలి.

తీర్పు కాగితంలో ఆ ఉదయం హోటల్లో మాస్టారూ, పానకాలూ, నేనూ తప్ప ఇంకెవరూ లేనట్టే ఉంది. ఆ ప్లీడరు అడిగిన పేర్లు ఇప్పుడు, ఆయన అడగని వేళ, మాస్టారు నేర్పిన అక్షరాలతో రాస్తున్నాను. హోటలు యజమాని పానకాలు, గల్లా దగ్గర. సర్వరు వీరాస్వామి, చేతిలో నీళ్ళ చెంబుతో. వత్సవాయి రామకోటయ్యగారు, బయట తన ఎద్దులతో సహా. పత్తి కొట్టు గుమాస్తా సాంబయ్య, ఇడ్లీ ముందు. హిందీ మాస్టారు లక్ష్మీనరసుగారు. కీసర లారీ డ్రైవరు మస్తాను. ప్రైమరీ బడి ఉపాధ్యాయుడు దేవదానంగారు, కుర్చీలో నిటారుగా. పోలీసు కానిస్టేబులు గురవయ్య, మాలగూడెం, లోపలి బల్ల దగ్గర, ఖాకీలో.